డిస్కు బాగానే ఉందట, మరి డేటాబేసు ఎందుకు నత్తనడక నడుస్తోంది?

వర్చువల్ మెషీన్ మీద నడిచే డేటాబేసు నెమ్మదించిందంటే ఆ తర్వాత జరిగే తతంగం మనలో చాలామందికి కంఠతా వచ్చు. బ్రిడ్జ్ కాల్ మొదలవుతుంది. అప్లికేషన్ వాళ్ళు "మా కోడు ఏమీ మారలేదండీ" అంటారు. డీబీఏ "డిస్కు రీడ్ల దగ్గర వెయిట్లు కనిపిస్తున్నాయి, స్టోరేజీ వాళ్ళని పిలవండి" అంటాడు. స్టోరేజీ ఆయన తీరిగ్గా వచ్చి "మా ఎర్రే మీద రెస్పాన్స్ టైము 1 మిల్లీసెకను కూడా దాటలేదు, అంతా పచ్చగా ఉంది" అని తన గ్రాఫు పెడతాడు. వర్చువలైజేషన్ వాళ్ళు "హోస్టులో సీపీయూ 40 శాతమే, మెమరీ బోలెడంత ఖాళీ" అంటారు. తమాషా ఏంటంటే, అందరూ నిజమే చెబుతున్నారు. ఎవరి గ్రాఫూ అబద్ధం కాదు. అవతల కస్టమరు స్క్రీను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎవరికి వారే యమునా తీరే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. ఒకటి: డిస్కు వేగాన్ని డేటాబేసు కూర్చున్న చోటా, దాని కింద ఉన్న ప్రతి అంతస్తులోనూ, ఒకే సమయానికి కొలవాలి. అలా కొలవకపోతే ఆ మానిటరింగు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. రెండు: ఆ కింది అంతస్తుల లెక్కలు చూసే హక్కు డేటాబేసు బాధ్యత మోసేవాడికి ఉండాలి. చూసే హక్కు చాలు, మార్చే హక్కు అడగట్లేదు. మొదటిది సాంకేతిక విషయం, రెండోది ఆఫీసు రాజకీయం. రెండోది తేలకుండా మొదటిది జరగదు, అదీ అసలు చిక్కు.

ఒక రీడు వెళ్ళే దారి

పూర్వం సంగతి సులువు. సర్వరు ఒకటి, దానికి తగిలించిన డిస్కులు కొన్ని. నిమిషానికి 15000 చుట్లు తిరిగే డిస్కయితే సగం చుట్టుకి 2 మిల్లీసెకన్లు, హెడ్డు జరగడానికి మరికొంత. మొత్తం మీద ఒక్కో డిస్కు సెకనుకి ఓ 180 దాకా చిల్లర రీడ్లు ఇచ్చేది. లాగు ఏ డిస్కు మీదుందో, డేటా ఏ డిస్కు మీదుందో డీబీఏకి నోటికొచ్చు. డిస్కు నెమ్మదించిందంటే నెమ్మదించినట్టే, వాదన ఉండేది కాదు.

ఇప్పుడో? డేటాబేసు ఒక బ్లాకు కావాలంటుంది. అది ముందు గెస్టు ఆపరేటింగ్ సిస్టంలోని ఫైల్ సిస్టం దాటాలి, తర్వాత గెస్టు క్యూ, ఆ తర్వాత వర్చువల్ స్కజీ కంట్రోలరు, హైపర్‌వైజర్ లోపలి క్యూ, హోస్టు కార్డు, మధ్యలో స్విచ్చులు, చివరికి ఎర్రే కంట్రోలరు. ఎర్రే వాళ్ళు చూపించే ఆ 1 మిల్లీసెకను ఎప్పటినుంచి లెక్క? రిక్వెస్టు వాళ్ళ గుమ్మం తొక్కిన క్షణం నుంచి. అంతకుముందు అది దారిలో ఎంతసేపు నిలబడిందో వాళ్ళకి తెలీదు, తెలిసే అవకాశమూ లేదు.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని వాచ్‌మన్‌ని అడిగితే "ట్యాంకు నిండా ఉందండీ" అంటాడు. నిజమే, నిండుగానే ఉంటుంది. కానీ ట్యాంకుకీ మీ కుళాయికీ మధ్యన గొట్టం ఉంది, వాల్వు ఉంది, పై ఫ్లాటు వాళ్ళు అదే లైనుకి బిగించిన మోటారుంది. ట్యాంకు మట్టం చూసి కుళాయి ధార తేల్చేస్తామంటే కుదరదు కదా.

చిన్న లెక్క వేద్దాం. వీఎంవేర్‌లో పాత ఎల్‌ఎస్‌ఐ రకం వర్చువల్ కంట్రోలరు పెడితే ఒక్కో డిస్కుకి ఒకసారికి 32 రిక్వెస్టులే బయటికి వెళ్తాయి. 2009లో వచ్చిన పీవీ స్కజీ కంట్రోలరుకి మామూలుగా డిస్కుకి 64, కంట్రోలరు మొత్తానికి 254. ఇప్పుడు చెక్‌పాయింట్ సమయంలో డేటాబేసు ఒక్కసారే 500 రైట్లు గుమ్మరించిందనుకోండి. ఎర్రే ఒక్కోటి 1 మిల్లీసెకనులో ముగించేస్తోంది. అయినా ఎల్‌ఎస్‌ఐ గేటు దగ్గర 32 చొప్పున వదిలితే చివర్లో ఉన్న రైటు దాదాపు 16 విడతలు ఆగాలి, అంటే 16 మిల్లీసెకన్లు. డీబీఏ "16" అంటాడు, స్టోరేజీ ఆయన "1" అంటాడు. ఇద్దరూ కరెక్టే! ఈ కేసులో కోట్లు పోసి కొత్త ఎర్రే కొన్నా ఆ క్యూ అలాగే ఉంటుంది. కంట్రోలరు రకం మార్చి, లాగునీ డేటానీ వేరే వేరే కంట్రోలర్ల మీదకి జరిపితే (ఒక్కో వీఎంకి ఇలాంటివి నాలుగు దాకా పెట్టుకోవచ్చు) పైసా ఖర్చు లేకుండా తగ్గుతుంది.

ఏ అంతస్తులో ఏ అంకె

వీఎంవేర్ హోస్టు మీద ఈఎస్‌ఎక్స్‌టాప్ అని ఓ పాతకాలపు నల్లతెర ఉంది. దాని ముఖం చూసి వదిలేయకండి, దానంత నిజాయితీగా మాట్లాడేవి తక్కువ. అందులో డిస్కుకి సంబంధించి మూడు అంకెలు ముఖ్యం. డీఏవీజీ అంటే హోస్టు కార్డు దాటి ఎర్రే దాకా వెళ్ళి రావడానికి పట్టిన సమయం. కేఏవీజీ అంటే హైపర్‌వైజర్ కెర్నెల్ లోపల గడిచినది. జీఏవీజీ ఈ రెండింటి మొత్తం, అంటే హైపర్‌వైజర్ దగ్గర గెస్టు పక్కన నిలబడి చూస్తే కనిపించేది.

ఈ మూడూ, గెస్టు లోపలి అంకే పక్కపక్కన పెడితే సగం గొడవలు అక్కడే సమసిపోతాయి. డీఏవీజీ పెద్దదైతే సమస్య కింద ఉంది, స్టోరేజీ వాళ్ళనో మధ్యలో స్విచ్చులనో అడగాలి. కేఏవీజీ అస్తమానూ 2 మిల్లీసెకన్లు దాటుతుంటే హైపర్‌వైజర్ క్యూలో ఆగుతోంది. ఈ రెండూ చిన్నవే, జీఏవీజీ కూడా చిన్నదే, కానీ గెస్టులో మాత్రం 30 కనిపిస్తోందంటే దొంగ గెస్టులోనే ఉన్నాడు, లేదా సీపీయూ దగ్గర ఉన్నాడు.

సీపీయూ ఎందుకొచ్చిందంటారా? ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఐఓ పూర్తయిపోయి జవాబు సిద్ధంగా ఉన్నా, ఆ క్షణాన వీఎం వర్చువల్ సీపీయూకి అసలు సీపీయూ మీద చోటు దొరక్కపోతే ఆ జవాబు అందుకునే నాథుడు ఉండడు. చోటు దొరికి, లేచి చూసుకునేసరికి 10 మిల్లీసెకన్లు గడిచిపోయాయనుకోండి, గెస్టు ఆ పదినీ డిస్కు ఖాతాలోనే రాసేస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమన్నమాట. "పెద్ద డేటాబేసు కదా" అని ఉదారంగా 16, 32 వర్చువల్ సీపీయూలు ఇచ్చి, ఇరుకు హోస్టు మీద కూర్చోబెట్టిన చోట ఇది తరచూ కనిపిస్తుంది. కేవీఎం గెస్టులో అయితే స్టీల్ టైము అని ఓ అంకె ఉంటుంది, దాన్నిబట్టి పసిగట్టొచ్చు. వీఎంవేర్ గెస్టులో అది మామూలుగా సున్నాయే చూపిస్తుంది కాబట్టి హోస్టు మీద రెడీ టైము చూడక తప్పదు. హోస్టు చూసే హక్కు లేనివాడు దీన్ని ఎలా కనిపెడతాడు చెప్పండి? జాతకం చూసా?

ఇహ గెస్టు లోపలి అంకెల సంగతి. లినక్సులో ఐఓస్టాట్ కొట్టగానే మన కళ్ళు వెళ్ళేది చివరి కాలమ్ మీదకి, యుటిలైజేషన్ శాతం. 100 కనపడగానే "డిస్కు నిండిపోయింది" అని మెయిలు వెళ్ళిపోతుంది. ఆ శాతానికి అర్థం, చూసిన సమయంలో ఎంతసేపు కనీసం ఒక్క రిక్వెస్టయినా నడుస్తూ ఉంది అని మాత్రమే. ఒక్క హెడ్డుతో తిరిగే పాత డిస్కుకి అది సరిపోయేది. ఒకేసారి పదుల కొద్దీ రిక్వెస్టులు అందుకునే ఎర్రేకీ ఎస్‌ఎస్‌డీకీ 100 శాతం అంటే "ఖాళీగా కూర్చోలేదు" అని, అంతే. మనుషులెప్పుడూ ఉండే హోటలు ప్రతిసారీ హౌస్‌ఫుల్ కాదు కదా. అందులోనే ఉండే సర్వీస్ టైము కాలమ్ అయితే నమ్మదగ్గది కాదని తేల్చి తర్వాతి వెర్షన్లలో ఏకంగా పీకేశారు. చూడాల్సింది రీడుకి ఎంతసేపు ఆగింది, రైటుకి ఎంతసేపు ఆగింది, క్యూ ఎంత పొడుగుంది. ఈ మూడే.

సగటు చేసే మోసం

సరే, లేటెన్సీయే కొలుస్తున్నాం అనుకుందాం. ఐదు నిమిషాలకోసారి సగటు తీసి గ్రాఫు గీసే టూళ్ళే ఇప్పటికీ ఎక్కువ. దీని మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. అందులో 280 సెకన్లు డిస్కు బ్రహ్మాండంగా ఉంది. సెకనుకి 1000 ఐఓలు, ఒక్కోటి 2 మిల్లీసెకన్లు. మిగతా 20 సెకన్లు ఘోరం. ఒక్కో ఐఓకి 200 మిల్లీసెకన్లు పడుతోంది, అందుకని సెకనుకి 50 మించి పూర్తవట్లేదు. సగటు కట్టండి. మంచి ఐఓలు రెండు లక్షల ఎనభై వేలు, చెడ్డవి వెయ్యి. సగటు వచ్చేది 2.7 మిల్లీసెకన్లు. గ్రాఫులో చిన్న మొటిమ కూడా లేవదు. కానీ ఆ 20 సెకన్లలో కనెక్షను పూలు నిండిపోయి, అప్లికేషను టైమవుట్లు కొట్టి, హెల్ప్‌డెస్కు ఫోన్లు మోగిపోయి ఉంటాయి.

గమనించారా? డిస్కు ఎంత నెమ్మదిస్తే ఆ సమయంలో పూర్తయ్యే ఐఓలు అంత తగ్గుతాయి, సగటులో వాటి ఓటు అంత తగ్గుతుంది. అంటే పరిస్థితి ఎంత ఘోరంగా ఉంటే సగటు దాన్ని అంత బాగా దాచిపెడుతుంది. మనం కావాలని దాచినా ఇంత బాగా దాచలేం.

ఇంకో లెక్క. నూటికి 99 రీడ్లు వేగంగా వచ్చి, ఒక్కటే నెమ్మదిగా వస్తోందనుకుందాం. "ఒక్క శాతమేగా" అనిపిస్తుంది. కానీ ఒక ట్రాన్సాక్షనుకి 50 రీడ్లు కావాలంటే, అందులో కనీసం ఒక్కటైనా ఆ నెమ్మది రీడు తగిలే అవకాశం దాదాపు 40 శాతం. నూరుమంది కస్టమర్లలో నలభై మందికి తగిలేదాన్ని మనం ఒక్క శాతం అని కొట్టిపారేస్తున్నామన్నమాట.

వీసెంటర్‌లో అయితే 20 సెకన్లకోసారి తీసిన అంకెలు ఒక్క గంటసేపే ఉంటాయి. ఆ తర్వాత వాటిని ఐదు నిమిషాల సగటుగా, వారానికి అరగంట సగటుగా, నెలకి రెండు గంటల సగటుగా కుదించేస్తుంది. రాత్రి ఒంటిగంటకి జరిగినదానికి పొద్దున పదింటికి మీటింగు పెట్టుకుంటే సాక్ష్యం అప్పటికే అరిగిపోయి ఉంటుంది. కాబట్టి ఆ చిన్న అంకెల్ని ఎప్పటికప్పుడు వేరే చోటికి లాగి దాచుకోవాలి. పది సెకన్లకోసారి చాలు, సగటుతో పాటు గరిష్ఠం కూడా. ఈ రోజుల్లో దానికయ్యే జాగా ఖర్చు ఒక లెక్కలోది కాదు.

డేటాబేసు తన పద్దు తనే రాస్తుంది

విచిత్రమేంటంటే డేటాబేసులన్నీ తమ డిస్కు కష్టాల్ని ఎప్పట్నుంచో రాసుకుంటూనే ఉన్నాయి, మనమే చదవం. ఒరాకిల్‌లో డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్, లాగ్ ఫైల్ సింక్ వెయిట్లు ఉన్నాయి. ఏడబ్ల్యూఆర్‌కి లైసెన్సు లేదంటే స్టాట్స్‌ప్యాక్ ఉచితమే. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కో ఫైలుకీ ఎన్ని రీడ్లు, ఎన్ని రైట్లు, మొత్తం ఎన్ని మిల్లీసెకన్లు ఆగిందీ లెక్క పెడుతుంది. 15 సెకన్లు దాటిన ఐఓ ఉంటే 833 నంబరు మెసేజితో లాగులో మొర పెట్టుకుంటుంది కూడా. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాక్ ఐఓ టైమింగ్ 2012లో 9.2తో వచ్చింది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనం ఆన్ చేసుకోవాలి. 2023లో 16వ వెర్షనుతో ఐఓకి ప్రత్యేకంగా ఒక వ్యూ కూడా ఇచ్చారు.

ఒకటే జాగ్రత్త. వీటిలో చాలా అంకెలు సర్వరు లేచినప్పట్నుంచీ పోగేసిన మొత్తాలు. మూడు నెలలుగా నడుస్తున్న సర్వరులో ఇవాళ్టి మధ్యాహ్నం జరిగినది ఆ మొత్తంలో ఏమూలకీ చాలదు. రెండుసార్లు చదివి తేడా తీయాలి.

అన్నిటికంటే ముందు అలారం దేనికి పెట్టాలంటే, లాగు రైటుకి. రీడు నెమ్మదించినా బఫర్ క్యాషె చాలావరకు కాపాడుతుంది. కమిట్‌ని మాత్రం ఏ క్యాషె కాపాడదు, లాగు డిస్కు మీద పడిందని జవాబొచ్చేదాకా యూజరు ఆగాల్సిందే. లాగు రైటు 1 నుంచి 8కి వెళ్ళిందంటే ఎవరూ ఫోన్ చేయకముందే మనకి తెలియాలి.

మరీ వేగంగా ఉన్నా అనుమానించాలి, మర్చిపోకండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే ఒంటరి డిస్కు మీద, మధ్యలో బ్యాటరీ క్యాషె లాంటిదేదీ లేకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా సెకనుకి వేల కమిట్లు పడుతున్నాయంటే ఎవరో దారిలో అబద్ధం చెబుతున్నారన్నమాట. అది సెకనుకి తిరిగేదే 120 చుట్లు! కేవీఎంలో డిస్కు క్యాషెని అన్‌సేఫ్ అనే పద్ధతిలో పెడితే సరిగ్గా ఇదే జరుగుతుంది. ఫ్లష్ చేయమన్న ఆజ్ఞని చెవిన పెట్టకుండా "అయిపోయింది" అనేస్తుంది. కరెంటు పోయిన రోజున తెలుస్తుంది అసలు సంగతి.

పక్కింటివాడి పెళ్ళి

నేను దగ్గర్నుంచి చూసిన ఒక కేసు చెబుతాను, పేర్లు అనవసరం. అమెరికాలోని ఒక క్లయింటు. వాళ్ళ డేటాబేసులు చూసేది హైదరాబాదులోని టీము, హైపర్‌వైజర్లూ స్టోరేజీ చూసేది కాంట్రాక్టు దక్కించుకున్న ఇంకో కంపెనీ. వాళ్ళ రాత్రి ఒకటిన్నరకి నడిచే బ్యాచి, రోజూ ఓ ఇరవై నిమిషాలు చతికిలబడేది. గెస్టులో 3 మిల్లీసెకన్లుండే లేటెన్సీ 60 అయ్యేది. మూడు వారాలు నడిచింది ఆ సీరియల్. ఎస్‌క్యూఎల్‌లు తిరగరాశారు, మెమరీ రెట్టింపు చేశారు, కొత్త ఎర్రే కొనాలని ఒక కన్సల్టెంటు రిపోర్టు కూడా ఇచ్చాడు. ఈలోపు షిఫ్టులో ఉండే కుర్రాడి మీద, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు, "సకాలంలో కారణం కనుక్కోలేకపోయాడు" అని ఎస్కలేషను వెళ్ళింది.

చివరికి తేలిందేంటి? అదే డేటాస్టోరులో ఉన్న ఒక టెస్టు వీఎంకి రోజూ ఆ టైముకే స్నాప్‌షాట్ తీసి బ్యాకప్ చేసి, తర్వాత ఆ స్నాప్‌షాట్‌ని తిరిగి కలిపేవారు. ఆ కలిపే పనిలో పుట్టే రీడ్లూ రైట్లూ పక్కన ఉన్న డేటాబేసు నోటి దగ్గర కూడు లాక్కునేవి. బ్యాకప్‌ని మూడు గంటలు జరిపారు, అయిపోయింది. ఈ సమాచారం మొదటిరోజు నుంచీ ఒక స్క్రీను మీద కనిపిస్తూనే ఉంది. ఆ స్క్రీను చూసేవాడికి డేటాబేసుతో పనిలేదు. డేటాబేసు చూసే కుర్రాడికి ఆ స్క్రీను చూసే హక్కు లేదు.

నాకు ఇక్కడే మండుతుంది. తప్పెవరిదో తర్వాత చూద్దాం, చూడటానికి వీల్లేనిదాన్ని ఎందుకు చూడలేదని ఒకణ్ణి నిలదీయడం ఏం న్యాయం? కాంట్రాక్టులు ముక్కలు చేసేటప్పుడు పని పంచారు, డబ్బులు పంచారు, ఎస్‌ఎల్‌ఏలు పంచారు. చూపు పంచడం మర్చిపోయారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరిదీ కొంచెం కొంచెం బాధ్యతే, కానీ ఎస్కలేషను మాత్రం చివర్లో నిలబడ్డ ఒక్కడి మీదకే వచ్చింది.

అన్నట్టు, స్నాప్‌షాట్ల గురించి వీఎంవేర్ వాళ్ళే చెప్పిన మాట ఉంది, ఒకదాన్ని 72 గంటలకి మించి ఉంచొద్దని, దాన్నే బ్యాకప్ అనుకోవద్దని. "అప్‌గ్రేడుకి ముందు తీశాం, తర్వాత తీసేద్దాం" అనుకుని నెలల తరబడి వదిలేసినవి మీ డేటాబేసు వీఎం కింద ఎన్నున్నాయో ఒకసారి అడిగి చూడండి.

క్లౌడుకి వెళ్తే గోల వదులుతుందా?

వదలదు, రూపం మారుతుంది. అమెజాన్‌లో జీపీ2 రకం డిస్కుకి జీబీకి 3 ఐఓల చొప్పున హక్కు. 100 జీబీ తీసుకుంటే సెకనుకి 300. అవసరమొస్తే 3000 దాకా వాడుకోమని 54 లక్షల క్రెడిట్ల బిందె ఒకటి ఇస్తారు. పూర్తి వేగంతో వాడితే సెకనుకి 2700 చొప్పున బిందె ఖాళీ అవుతుంది. 54 లక్షలు 2000 సెకన్లలో, అంటే 33 నిమిషాల్లో హుష్ కాకి. ఆ తర్వాత మళ్ళీ 300. పావుగంట టెస్టు చేసి "సూపర్" అని సంతకం పెట్టిన సిస్టం, గంటన్నర బ్యాచిలో అరగంట దాటాక కూలబడితే ఆశ్చర్యం ఏముంది? 2020 డిసెంబరులో వచ్చిన జీపీ3 ఈ బిందె గోల తీసేసి, సైజుతో సంబంధం లేకుండా 3000 ఇచ్చింది. కానీ డిస్కుకున్న పరిమితి వేరు, ఆ వీఎంకి ఉన్న పరిమితి వేరు. 16000 ఐఓల డిస్కు కొని, అంత లాగలేని చిన్న వీఎంకి తగిలించి బిల్లు కడుతున్నవాళ్ళు ఉన్నారు.

క్లౌడులో హోస్టు తెర మనకి ఎవరూ చూపించరు. అందుకని వాళ్ళు ఇచ్చే ఒకటీ అరా అంకెల్ని, మిగిలిన క్రెడిట్ల శాతాన్ని, పరిమితికి ఎంత దగ్గరున్నామన్నదాన్ని డేటాబేసు అంకెల పక్కనే పెట్టుకోవాలి. గెస్టు లోపలి కొలత అక్కడ మరీ ముఖ్యం, ఎందుకంటే మన చేతిలో పూర్తిగా ఉన్నది అదొక్కటే.

వాళ్ళ వాదనా వినాలి

ఈ హక్కుల మాటెత్తితే వినిపించే అభ్యంతరాలు మూడు. మొదటిది సెక్యూరిటీ. వీసెంటర్‌లో చూడటానికి మాత్రమే పనికొచ్చే రోల్ ఎప్పట్నుంచో ఉంది, దాన్ని తమ వీఎంలూ, అవి ఉన్న హోస్టులూ, డేటాస్టోర్ల వరకే పరిమితం చేయొచ్చు. అదీ వద్దంటే ఆ అంకెలు మాత్రమే తీసి ఉమ్మడి డ్యాష్‌బోర్డులో పెట్టండి.

రెండోది, "డీబీఏలకి ఆ గ్రాఫులు అర్థంకావు, ఊరికే టికెట్లు పెంచుతారు." ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఇప్పుడు మాత్రం టికెట్లు తక్కువా? "డిస్కు స్లోగా ఉంది, చూడగలరు" అని ఒక్క లైను రాసి పడేసే టికెట్టు చూస్తే స్టోరేజీ వాళ్ళకి ఒళ్ళు మండటం సహజం. ఏ టైములో, ఏ ఫైలు మీద, ఎన్ని ఐఓలు, ఎన్ని మిల్లీసెకన్లు, మామూలుగా ఎంత ఉంటుంది, ఈ ఐదూ లేకుండా టికెట్టు పంపకూడదని మనవైపు కూడా ఒక నియమం ఉండాలి. హక్కు అడిగేవాళ్ళు ఆ మాత్రం పద్ధతి పాటించాలి.

మూడోది, "లక్షలు పోసి టూలు కొన్నాంగా." టూలు ఏదన్నది నాకు పట్టింపు లేదు. అది పై నుంచి కింది దాకా అంకెల్ని ఒకే కాలరేఖ మీద చూపిస్తుందా? పది, ఇరవై సెకన్ల కొలత దాచి ఉంచుతుందా? గడియారాలన్నీ ఒకే ఎన్‌టీపీ సర్వరుకి కట్టి ఉన్నాయా? మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా అది మేనేజర్లకి చూపించే రంగుల బొమ్మ.

ఇప్పుడే ఎందుకు

2023 నవంబరులో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేసింది, ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అప్పట్నుంచి బిల్లులు చూసుకుని చాలా కంపెనీలు వేరే హైపర్‌వైజర్ల వైపు, క్లౌడు వైపు చూస్తున్నాయి. మీ ప్రాజెక్టులో కూడా ఆ మాట నడుస్తూ ఉండొచ్చు. వెళ్ళడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ పాత ఇంట్లో కొలతలు తీసుకోకుండా కొత్త ఇంటికి సామాను తోలితే, అక్కడికెళ్ళాక "ఇంతకుముందు వేగంగా ఉండేది" అన్న మాటకి ఆధారం ఏం చూపిస్తారు? మీ మాట మీద వాళ్ళ మాట, అంతే.

అందుకని ఈ వారమే చేయదగ్గ పనులు: ఒక్కో డేటాబేసుకి డేటా రీడు, డేటా రైటు, లాగు రైటు లేటెన్సీలు పది సెకన్లకోసారి దాచడం మొదలుపెట్టండి. నెలాఖరు కూడా అందులో పడేలా కనీసం ఒక నెల ఉంచండి. వీఎం కింద ఏ కంట్రోలరుంది, ఎన్ని డిస్కులు దాని మీద ఉన్నాయి, అదే డేటాస్టోరులో పక్కన ఎవరున్నారు, స్నాప్‌షాట్లు ఎన్ని, బ్యాకప్ టైములేంటి, ఒక పేజీలో రాసి పెట్టుకోండి. హోస్టు వైపు మూడు అంకెలూ, సీపీయూ రెడీ టైమూ చూసే హక్కుని మెయిల్లో అడగండి. నోటితో అడిగితే ఆధారం ఉండదు. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతి రిస్కు రిజిస్టరులో ఎక్కించండి.

ఆఖరి మాట టీము లీడులకీ మేనేజర్లకీ. మీ షిఫ్టు కుర్రాడో అమ్మాయో రేపు రాత్రి ఒంటరిగా కాల్‌లో కూర్చుని "డిస్కు దగ్గర ఆగుతోంది సార్" అన్నప్పుడు, "ప్రూఫ్ ఏది?" అని మీరు తప్పకుండా అడుగుతారు. అడగండి, అడగాలి కూడా. కాకపోతే ఆ ప్రూఫ్ ఏ స్క్రీను మీద ఉంటుందో, దాన్ని తెరిచే లాగిన్ వాళ్ళ చేతికి ఇప్పించారో లేదో ముందు మీరు చూసుకోండి.